పాత జాన్సన్ ఔట్‌బోర్డ్ స్టార్ట్ కావడం లేదా? కార్బురేటర్ విప్పకముందు ఇవి చూడండి

తాడు ఇరవై సార్లు లాగారు. భుజం నొప్పి పుట్టింది. ఇంజన్ ఒక్కసారైనా టప్పుమనలేదు. లేదా స్టార్ట్ అయింది, రెండు నిమిషాలు చక్కగా తిరిగింది, ఒడ్డు నుంచి వంద గజాలు వెళ్లగానే ఆగిపోయింది. పాత ఔట్‌బోర్డ్ మోటారు, అంటే పడవ వెనక తగిలించే ఇంజన్, కొన్నవాళ్లందరికీ ఈ రెండింట్లో ఒకటి ఎదురవుతుంది. అప్పుడు అందరం చేసే మొదటి పని కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) మీద పడటం. అది చేయొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇక్కడ నేను చెప్పేది 1950ల నాటి జాన్సన్ సీ హార్స్ 5.5 హెచ్‌పీ మోటారు గురించి. అమెరికాలోని మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ సరస్సుల చుట్టుపక్కల గ్యారేజ్ సేల్స్‌లో ఇవి ఇప్పటికీ కనిపిస్తాయి. ఎవిన్‌రూడ్ ఫిషర్‌మన్ అనే పేరుతో వచ్చిన 5.5 కూడా లోపల ఇదే యంత్రం. రెండు బ్రాండ్లూ ఔట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్‌వే. ఆ సంస్థ 2000లో దివాలా తీసింది. ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది. అయినా పాయింట్లు, కండెన్సర్లు, కాయిళ్లు, కార్బురేటర్ కిట్లు నేటికీ కొత్తవి దొరుకుతున్నాయి. అందుకే మొదటి మోటారుగా దీన్నే తీసుకోమంటాను.

ఇంట్లో పాత చేతక్ స్కూటరు ఉండి, పక్కకు వంచి, నిలబెట్టి, కిక్ కొట్టిన రోజులు మీకు గుర్తుంటే ఈ ఇంజన్ మీకు కొత్తేమీ కాదు. అదే టూ స్ట్రోక్, పెట్రోల్లో కలిపే అదే ఆయిల్, నల్లబడితే ఎమరీ పేపరుతో రుద్దే అదే ప్లగ్గు. తేడా ఏమిటంటే దీనికి రెండు సిలిండర్లు. ఒక్కోదానికి విడిగా ఒక కాయిల్ (స్పార్క్‌కు కరెంటిచ్చే తీగచుట్ట), ఒక జత పాయింట్లు (ఆ కరెంటును కలిపి విడదీసే చిన్న స్విచ్), దానికి తోడుగా ఒక కండెన్సర్, అన్నీ పైన తిరిగే బరువైన చక్రం, అదే ఫ్లైవీల్, కింద దాగి ఉంటాయి. బ్యాటరీ లేదు. తాడు లాగినప్పుడు ఫ్లైవీల్‌లోని అయస్కాంతం తిరిగి కరెంటు పుట్టిస్తుంది.

ముందు రెండు జాగ్రత్తలు

ఈ మోటారును నీళ్లు లేకుండా తిప్పొద్దు. కింద కాలులో, అంటే నీళ్లలో మునిగే భాగంలో, రబ్బరు ఇంపెల్లర్ ఉంటుంది, అది నీటిని పైకి తోడి ఇంజన్‌ను చల్లబరుస్తుంది. పొడిగా తిరిగితే చూస్తుండగానే అరిగిపోతుంది. పెద్ద ప్లాస్టిక్ చెత్తడబ్బా నిండా నీళ్లు పోసి, గట్టి చెక్క స్టాండుకు మోటారు బిగించి, కాలు అందులో మునిగేలా పెట్టండి. షిఫ్ట్ లీవరు న్యూట్రల్‌లో ఉండాలి. కొత్త మోటార్లలాగా పక్కనుంచి నీటిధార వస్తుందని చూడకండి, దీనికి అది లేదు. కాలు వెనక వైపు చిన్న రంధ్రాల్లోంచి పొగతో కలిసి నీటి తుంపర వస్తుంది. అది కనిపిస్తే చాలు. రెండు మూడు నిమిషాలు తిరిగాక సిలిండర్ హెడ్ మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచగలిగితే నీళ్లు అందుతున్నట్టే.

రెండోది పెట్రోలు. పని ఆరుబయట చేయండి. స్పార్క్ పరీక్ష చేసేటప్పుడు ట్యాంకు దూరంగా ఉండాలి, ఒలికిన పెట్రోలు తుడిచేసి ఆరిపోయి ఉండాలి. మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో పెట్టుకోండి.

కంప్రెషన్

సిలిండరులో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో ముందు చూడాలి. రెండు ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, కంప్రెషన్ గేజ్ పెట్టి నాలుగైదు సార్లు తాడు లాగండి. రెండో సిలిండరుకూ అలాగే. ఈ చిన్న మోటార్లలో గేజ్ మీద అరవై పీఎస్ఐ (ఒత్తిడి కొలత), ఆపైన వస్తే ధైర్యంగా ముందుకు వెళ్లొచ్చు. అంకె కంటే ముఖ్యం, రెండూ దాదాపు ఒకేలా ఉండటం. ఒకటి డెబ్బై, ఇంకోటి నలభై అయితే హెడ్ గాస్కెట్ కాలిపోయి ఉండొచ్చు, పిస్టన్ రింగులు మసితో బిగుసుకుపోయి ఉండొచ్చు. అది ముందు తేల్చుకోకుండా మిగతా పని మొదలుపెట్టొద్దు. గేజ్ లేకపోతే ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు నొక్కిపెట్టి ఎవరిచేతైనా తాడు లాగించండి; గాలి వేలిని గట్టిగా తోసేయాలి.

స్పార్క్: అసలు పని ఇక్కడే

ఇలాంటి ఒక 5.5ను మొదటిసారి బాగుచేసినప్పుడు కార్బురేటర్ మూడు సార్లు విప్పి కడిగాను. లక్షణాలన్నీ పెట్రోలు సమస్యలాగే ఉన్నాయి: చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయ్యేది, వేడెక్కాక ఆగిపోయేది, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యేది. చివరికి ఫ్లైవీల్ ఎత్తి చూస్తే ఒక కాయిల్ పైపొర పగిలి ఉంది. వేడికి ఆ పగులు విచ్చుకుని కరెంటు ఇనుములోకి పారిపోతోంది. కార్బురేటర్‌లో ఏ లోపమూ లేదు. ఆ తర్వాత నా చేతికి వచ్చిన మోటార్లలో కూడా పెట్రోలు జబ్బు అనిపించినవి ఎక్కువగా ఫ్లైవీల్ కిందే తేలాయి.

ప్లగ్గును ఇంజన్ బాడీకి ఆనించి, తాడు లాగి, చిన్న నిప్పురవ్వ కనబడగానే "కరెంటు ఉంది" అనుకోవడం మనకు అలవాటు. దాన్ని నమ్మకండి. బయట గాలిలో ప్లగ్గు సన్నటి సందును దాటడం సులువు. సిలిండర్ లోపల ఒత్తిడిలో అదే రవ్వ దాటలేదు. గ్యాప్ మార్చుకునే వీలున్న స్పార్క్ టెస్టరు చవకగానే దొరుకుతుంది. దాని గ్యాప్ 6 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం పెట్టి, ప్లగ్గులు రెండూ తీసేసి, తాడు చురుగ్గా లాగండి. నీలిరంగు రవ్వ టక్ టక్‌మని శబ్దం చేస్తూ దూకాలి. పసుపు పచ్చగా, సన్నగా, అప్పుడప్పుడు మాత్రమే వస్తే అది చాలదు. రెండో ప్లగ్గు తీగను ఉత్తినే గాల్లో వేలాడదీయకండి, దానికీ ఎర్త్ ఇవ్వండి; కరెంటు పోయే దారిలేక కాయిల్ దెబ్బతింటుంది.

చాలామంది వదిలేసే పరీక్ష ఒకటుంది. ఈ మోటారులో స్పీడు లీవరు తిప్పినప్పుడు కార్బురేటర్ ఒక్కటే తెరుచుకోదు, ఫ్లైవీల్ కింద కాయిళ్లున్న ప్లేటు కూడా తిరుగుతుంది, టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం, మారేది అలాగే. డెబ్బై ఏళ్లుగా అలా అటూ ఇటూ కదిలిన తీగలు వంగిన చోట తొడుగు చిట్లిపోతుంది. కాబట్టి లీవరును స్లో దగ్గర, స్టార్ట్ దగ్గర, ఫాస్ట్ దగ్గర మూడుచోట్లా పెట్టి స్పార్క్ చూడండి. ఒకచోట వచ్చి ఇంకోచోట రాకపోతే తీగ ఎక్కడో ఇనుముకు తగులుతోంది.

స్పార్క్ బలహీనంగా ఉంటే ఫ్లైవీల్ తీయక తప్పదు. తాడు చుట్టుకునే స్టార్టర్ భాగం విప్పి, మధ్య నట్టు తీయండి. ఫ్లైవీల్ మీద మూడు మరల రంధ్రాలుంటాయి. మూడు బోల్టులతో పట్టే పుల్లర్ వాటికే బిగించాలి. అంచులు పట్టుకు లాగే దవడల పుల్లర్ వాడితే ఫ్లైవీల్ వంగుతుంది. సుత్తితో కొడితే క్రాంక్‌షాఫ్ట్ చివర మర పాడవుతుంది. తీశాక షాఫ్ట్ గాడిలోని చిన్న కీ పోగొట్టుకోకండి, అది సగం కోసుకుపోయి ఉందేమో కూడా చూడండి. కీ కాస్త జరిగినా టైమింగ్ తప్పుతుంది.

ఇప్పుడు కాయిళ్లు చూడండి. అంత పాత కాయిళ్ల గట్టి పైపొర కాలం గడిచేకొద్దీ పగులుతుంది. వెంట్రుకంత పగులు కనిపించినా రెండూ మార్చేయండి. ఒకటి పగిలితే రెండోది వెనకే వస్తుంది. కొత్తవి బిగించేటప్పుడు కాయిల్ ఇనుప పలకల అంచు, ప్లేటు మీద చెక్కి ఉన్న దిమ్మ అంచుతో సరిగ్గా సమానంగా రావాలి. వేలు పెట్టి రాస్తే మెట్టు తగలకూడదు. బయటకు జరిగితే అయస్కాంతానికి రాసుకుంటుంది, లోపలికి జరిగితే స్పార్క్ తగ్గుతుంది. ప్లగ్గు తీగ రాగి పోగులున్నదే వేయండి. కార్లకు వాడే కార్బన్ తీగ ఈ కాయిళ్లకు పనికిరాదు.

పాయింట్ల మధ్య గ్యాప్ 0.020 అంగుళం, దాదాపు అర మిల్లీమీటరు. క్యామ్ (పాయింట్లను తెరిచే, షాఫ్టు మీది ఉబ్బు) ఎత్తైన చోట పాయింట్లు బాగా విచ్చుకున్నప్పుడు ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. పలక జారుతూ కాస్త పట్టినట్టుండాలి. కొత్త పాయింట్ల మీద తుప్పు పట్టకుండా సన్నటి నూనె పూత ఉంటుంది. స్పార్క్ రాకపోవడానికి అది కూడా కారణమే. శుభ్రమైన తెల్ల అట్టముక్కను ఆల్కహాల్‌లో ముంచి పాయింట్ల మధ్య లాగండి. అట్ట మీద మరక పడనంతవరకు లాగండి. ఫీలర్ గేజ్ మీద కూడా నూనె ఉంటుంది కనుక గ్యాప్ పెట్టాక ఇంకోసారి లాగండి. క్యామ్‌ను తుడిచే ఫెల్ట్ ముక్కకు రెండు చుక్కల నూనె ఇస్తే చాలు. అంతకన్నా వేస్తే అది పాయింట్ల మీదికే చిమ్ముతుంది.

ఫ్లైవీల్ తిరిగి పెట్టేముందు షాఫ్టు ఏటవాలు భాగం, ఫ్లైవీల్ లోపలి రంధ్రం పొడిగా తుడవండి. అక్కడ గ్రీజు రాయకూడదు. ప్లగ్గులు ఛాంపియన్ జే6సీ, గ్యాప్ 0.030 అంగుళం. పాతవి బాగానే కనిపించినా కొత్తవి వేయండి. అనుమానం మిగలనివ్వని ఖర్చు అది.

పెట్రోలు, ఆయిలు

స్పార్క్ మంచిదని రుజువయ్యాకే ఇక్కడికి రండి. కార్బురేటర్ నోట్లోకి, ఆయిల్ కలిపిన పెట్రోలును చిన్న స్ప్రే సీసాతో రెండు చిమ్ములు కొట్టి తాడు లాగండి. రెండు మూడు సెకన్లు తిరిగి ఆగితే ఇంజన్ బాగుంది, పెట్రోలు చేరడం లేదు. టప్పుమని కూడా అనకపోతే మళ్లీ స్పార్క్ దగ్గరికే వెళ్లండి. ఈ ఒక్క పరీక్ష మీకు ఒక పూట పని తప్పిస్తుంది.

ప్లగ్గులు తడిసి పెట్రోలు వాసన కొడుతుంటే అది ఫ్లడ్ అయింది, అంటే లోపల పెట్రోలు ఎక్కువైంది. చోక్ తీసేసి, థ్రాటిల్ తెరిచి, ప్లగ్గులు లేకుండా పదిసార్లు లాగి, ప్లగ్గులు ఆరబెట్టి బిగించండి.

ఆయిల్ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇటీవలి టూ స్ట్రోక్ మోటార్లకు 50:1 అని విని అదే ఇందులో పోస్తే ఇంజన్ పోతుంది. 1964కు ముందరి ఈ చిన్న మోటార్లలో కంచు బుష్ బేరింగులు ఉంటాయి, వాటికి ఆయిల్ ఎక్కువ కావాలి. అప్పట్లో 16:1 కలిపేవారు. ఈనాటి మెరుగైన ఆయిళ్లతో 24:1 సరిపోతుందని పాత మోటార్లు నడిపేవాళ్ల అనుభవం, నేనూ అదే వాడతాను. లీటరుకు 42 మిల్లీలీటర్లు, అమెరికా కొలతలో 3 గాలన్లకు 16 ఔన్సులు. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని, అంటే నీటితో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్ గుర్తు, ఉండాలి. బైకులకు వాడే 2టీ ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్లకు చేసింది, నీటితో చల్లబడే ఔట్‌బోర్డ్‌లో పోయొద్దు.

పెట్రోల్లో ఇథనాల్ లేకపోతే మంచిది. మిన్నెసోటాలో మామూలు పెట్రోల్లో ఇథనాల్ కలపాలన్న చట్టం ఉన్నా పడవలకు, పాత కార్లకు, చిన్న ఇంజన్లకు ఇథనాల్ లేని ప్రీమియం అమ్మే వెసులుబాటు ఉంది, చాలా బంకుల్లో దానికి వేరే గొట్టం ఉంటుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నిలవ ఉన్నప్పుడు ఆ నీళ్లతో కలిసి అడుగున చేరుతుంది, పాత రబ్బరును, లక్క పూతను తినేస్తుంది. ఇండియాలో ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు కనుక కాకినాడలోనో విశాఖలోనో పాత టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ నడిపేవాళ్లకు కూడా ఈ మాట వర్తిస్తుంది: కలిపిన పెట్రోలు వారాల తరబడి ట్యాంకులో ఉంచొద్దు. అనుమానముంటే గాజు సీసాలో కొంచెం పట్టి అరగంట నిలబెట్టండి. నీళ్లుంటే అడుగున గీత గీసినట్టు కనబడతాయి.

రెండు గొట్టాల ట్యాంకు

ఈ మోటారుతో వచ్చిన ఎర్ర ఇనుప ట్యాంకుకు జంట గొట్టం ఉంటుంది. కొత్తవాళ్లను ఎక్కువ తికమకపెట్టేది ఇదే. మోటారులో పెట్రోల్ పంపు లేదు. ఇంజన్ క్రాంక్ గదిలో పుట్టే గాలి ఒత్తిడి ఒక గొట్టంలోంచి ట్యాంకులోకి వెళ్తుంది. ఆ ఒత్తిడికి పెట్రోలు రెండో గొట్టంలోంచి కార్బురేటర్‌కు వస్తుంది. ట్యాంకు మీదున్న బటన్ మొదట చేత్తో పెట్రోలు ఎక్కించడానికి మాత్రమే. మామూలు ఒంటి గొట్టం, రబ్బరు బల్బు ఉన్న ట్యాంకు దీనికి నేరుగా పని చేయదు.

బటన్ పది పదిహేను సార్లు నొక్కండి, కాసేపటికి గట్టిపడాలి. ఎంత నొక్కినా వదులుగానే ఉంటే లోపలి రబ్బరు పొర పోయింది. స్టార్ట్ అయి రెండు నిమిషాలకు ఆగిపోయే మోటారుకు పరీక్ష ఇది: తిరుగుతుండగా ఆగబోతున్నట్టు అనిపించగానే బటన్ నొక్కుతూ ఉండండి. నొక్కినంతసేపూ నడిచి, మానగానే ఆగితే కార్బురేటర్ నిర్దోషి. ట్యాంకులో ఒత్తిడి నిలవడం లేదు. మూత గాస్కెట్, పైభాగం గాస్కెట్, గొట్టం చివర కనెక్టర్‌లోని చిన్న రబ్బరు రింగులు, గొట్టంలో పగుళ్లు, ఈ వరసలో చూడండి. సబ్బు నీళ్లు పూస్తే కారే చోట బుడగలొస్తాయి. గొట్టం ఎండిపోయి గట్టిపడి ఉంటే అతకాలని చూడొద్దు, మార్చండి. ఒత్తిడిలో ఉన్న పెట్రోలు పగులులోంచి వేడి ఇంజన్ మీదికి చిమ్ముతుంది. అదే కారణంగా గొట్టం ఊడదీసే ముందు ప్రతిసారీ మూత నెమ్మదిగా వదులు చేసి ఒత్తిడి వదలండి.

ఇక కార్బురేటర్

ఇప్పటికీ పెట్రోలు చేరకపోతే విప్పండి. విప్పేముందు ఫోటోలు తీసుకోండి. నిలవ ఉన్న పెట్రోలు ఎండి బెల్లంపాకంలా అంటుకుపోయి ఉంటుంది. క్లీనర్‌లో నానబెట్టి, దారులన్నింట్లో గాలి కొట్టి, ఒకవైపు కొట్టిన గాలి రెండోవైపు వస్తోందో లేదో చూడండి. జెట్లలో (పెట్రోలు కొలతగా వచ్చే సన్నటి రంధ్రాల ముక్కల్లో) ఇనుప తీగ గుచ్చితే రంధ్రం పెద్దదై, ఇక ఏ సెట్టింగూ కుదరదు.

కార్బురేటర్ గిన్నెలో తేలుతూ పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోట్ బెండుది. దాని మీది లక్క పూతను ఇథనాల్ కరిగించేస్తే బెండు పెట్రోలు పీల్చుకుని బరువెక్కి మునుగుతుంది, కార్బురేటర్ పొంగుతుంది. చేత్తో పట్టుకుంటే బరువుగా, మచ్చలుగా ఉంటే మార్చండి. కొత్త బెండుకు పలచటి సూపర్ గ్లూ పూత వేసి ఆరనిస్తే పెట్రోలు తట్టుకుంటుంది. కార్బురేటర్ పైభాగాన్ని తలకిందులుగా పట్టుకున్నప్పుడు ఫ్లోట్ ఆ పైభాగపు అంచుతో సమానంగా, సమాంతరంగా ఉండాలి.

బయట రెండు సూదులుంటాయి: పైది తక్కువ స్పీడుకు, కిందిది ఎక్కువ స్పీడుకు. లోపలికి తిప్పేటప్పుడు ఆనగానే ఆపండి, బిగిస్తే సూది మొన మీద గాడి పడుతుంది. ఆనిన చోటు నుంచి పైదాన్ని ఒకటిన్నర చుట్టు, కిందిదాన్ని ముప్పావు చుట్టు బయటకు తిప్పండి. స్టార్ట్ కావడానికి ఇది చాలు. మరో చిన్న పని: స్పీడు లీవరు తిప్పుతూ చూస్తే ప్లేటు అంచు మీది గీత దగ్గరికి రోలర్ వచ్చినప్పుడే థ్రాటిల్ కదలడం మొదలవ్వాలి. ముందే తెరుచుకున్నా, ఆలస్యమైనా స్లోలో ఇంజన్ నిలవదు.

అసలు సెట్టింగ్ డబ్బాలో కుదరదు, పడవకు బిగించి గేరులో నడుపుతూ చేయాలి. ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి, ఫుల్ స్పీడులో కింది సూదిని అరపాతిక చుట్టు చొప్పున, అంటే చుట్టులో ఎనిమిదో వంతు, లోపలికి తిప్పండి. ప్రతిసారీ పదిహేను సెకన్లు ఆగండి. ఇంజన్ తుమ్మినట్టు చిటపటమంటే పెట్రోలు తగ్గింది, వెంటనే కాస్త బయటకు తిప్పండి. నున్నగా తిరిగే చోటు దొరికాక ఇంకొంచెం పెట్రోలు ఎక్కువ వైపే ఉంచండి, ఎందుకంటే పెట్రోలుతో పాటే ఆయిలూ అందుతుంది. తర్వాత స్పీడు తగ్గించి పై సూదితో అదే పని చేయండి. గరగరలాడుతూ పొగ ఎక్కువగా వస్తే లోపలికి, తుమ్మి ఆగిపోతే బయటకు.

ఒకసారికి ఒకటే మార్చండి, మార్చింది పుస్తకంలో రాసుకోండి. ప్లగ్గూ, సూదీ, ట్యాంకూ ఒకే రోజు మారిస్తే ఏది నయం చేసిందో, ఏది కొత్త జబ్బు తెచ్చిందో తెలియదు.

మొదటి నాలుగైదు సార్లు ఒడ్డు వెంటే నడపండి. లైఫ్ జాకెట్లు, తెడ్లు, రెండు కొత్త ప్లగ్గులు, ప్లగ్ స్పానరు, ప్రొపెల్లర్‌కు ఒక అదనపు షీర్ పిన్ (ప్రొపెల్లర్ దేనికైనా తగిలితే ముందు తెగిపోయే చిన్న పిన్ను), శ్రావణం పడవలో ఉండాలి. తిరిగొచ్చాక ట్యాంకు మూత వదులు చేసి, గొట్టం తీసి, కార్బురేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు కింది మర తీసి వంపేయండి. మోటారును పడుకోబెట్టే ముందు కాలులోని నీళ్లన్నీ కారిపోయేదాకా నిలువుగానే ఉంచండి.